పదిన్నర కచేరీని ఏడున్నరకు తేవడం ఎలా

మా రేడియో స్టేషన్లో శాస్త్రీయ సంగీతం రాత్రి పదిన్నరకు వచ్చేది. పదిన్నరే ఎందుకని అడిగితే ఎవరూ జవాబు చెప్పలేకపోయారు. ఆ వేళ కావాలని వేరే ఏ కార్యక్రమం వాళ్ళూ పోటీ పడరు, అంతే. పాత బీరువాని పారెయ్యడానికి మనసొప్పక వెనక గదిలోకి నెట్టేస్తాం చూడండి, అలా నెట్టేశారు. ఊరు చూస్తే విజయనగరం. ఆదిభట్ల నారాయణదాసుగారు 1919లో తొలి ప్రిన్సిపాలుగా కూర్చున్న సంగీత కళాశాల ఇక్కడే ఉంది. ద్వారం వెంకటస్వామినాయుడుగారు ఫిడేలు పాఠం చెప్పిందీ, ఘంటసాల మధూకరం ఎత్తుకుని చదువుకున్నదీ ఇక్కడే. అలాంటి ఊళ్ళో కచేరీ వినాలంటే నిద్ర కాచుకోవాలి.

నేను ఇరవై రెండేళ్ళు క్యాజువల్ అనౌన్సర్‌గా చేశాను. ఇప్పుడు పది పదిహేను కిలోమీటర్ల మేర వినిపించే ఓ కమ్యూనిటీ రేడియోలో సంగీతం వేళలు చూస్తున్నాను. జీతం లేదు, టీ ఉంది. మీదీ ఇలాంటి చిన్న స్టేషనే అయినా, దేశం బయట ఉండి వారాంతాల్లో ఇంటర్నెట్ రేడియో నడుపుతున్నా, మేం చేసింది మీకు పనికిరావచ్చు. కొత్తవాళ్ళు రావాలంటే సంగీతాన్ని మార్చక్కర్లేదు. అది వచ్చే వేళ, దాని పక్కన ఉండేది, దాని ముందు మనం వాగేది, ఈ మూడూ మార్చాలి.

ముందు రెండు వారాలు ఫిక్స్‌డ్ పాయింట్ చార్టు, అంటే ఏ కార్యక్రమం ఏ వేళకో రాసుండే పట్టిక, ముట్టుకోకండి. ఓ నోటుబుక్కు పట్టుకుని ఊళ్ళో తిరగండి. నేను మూడు లాంతర్ల దగ్గర టిఫిను కొట్లో కూర్చున్నాను, దర్జీ కొట్లలో నిలబడ్డాను, స్కూలు ఆటోలో వెళ్ళాను. రేడియో ఎక్కడ మోగుతోంది, ఎన్నింటికి, మోగేటప్పుడు చేతులు ఏం చేస్తున్నాయి, ఇవి రాసుకున్నాను. “మీకు శాస్త్రీయ సంగీతం ఇష్టమేనా?” అని మాత్రం ఎవరినీ అడగొద్దు. అందరూ ఇష్టమనే అంటారు, ఒక్కరూ వినరు. నాకు తేలిందిది: పొద్దున్న ఏడుంబావు నుంచి ఎనిమిది దాకా వంటిళ్ళు, ఆటోలు. మధ్యాహ్నం కుట్టు మిషన్లు. సాయంత్రం అయిదున్నరకి బజ్జీల బళ్ళు. రాత్రి పదికి వాచ్‌మన్లు, చంటిపిల్లల తల్లులు. ఈ చివరివాళ్ళు నా లెక్కలో ముందు లేనే లేరు.

ఈ తిరుగుడు ఎందుకంటే, వినేవాడి గది చూడకుండా పైనుంచి వడ్డించిన కథ మనకి ఒకసారి అయింది. 1952లో కేస్కర్‌గారు సమాచార ప్రసార మంత్రి అయ్యాక సినిమా పాటలు ఆకాశవాణిలో దాదాపు మాయమయ్యాయి, శాస్త్రీయానికి పెద్దపీట పడింది. జనం శాస్త్రీయానికి మళ్ళలేదు, ముల్లు తిప్పి రేడియో సిలోన్ పెట్టుకున్నారు. చివరికి 1957లో వివిధ భారతి పెట్టి సినిమా పాటని వెనక్కి తెచ్చుకోవాల్సి వచ్చింది. అదే వివిధ భారతిలో తర్వాత వచ్చిన ‘సంగీత్ సరిత’ పొద్దున్న కాసేపట్లో ఒక రాగం చెప్పి, ఆ రాగంలో సినిమా పాట కూడా వినిపించేది. పీట వెయ్యడానికీ పక్కన కూర్చోబెట్టుకోవడానికీ ఎంత తేడా ఉందో చూడండి. నేను చేసినదంతా రెండోదానికి నకలే.

ఇక వేళలు. మేం ఉన్న గంటని పెంచలేదు, నాలుగు ముక్కలు చేశాం. పొద్దున్న ఏడున్నరకి పన్నెండు నిమిషాలు. సాయంత్రం అయిదున్నరకి పావుగంట, వాద్యం మాత్రమే. రాత్రి పదికి పది నిమిషాలు. మిగిలినవన్నీ పోగుచేసి శనివారం రాత్రి తొమ్మిదింటికి రెండు గంటల పూర్తి కచేరీ. శనివారం రాత్రి అన్నది నా ఊహ కాదు. 1952 జూలైలో మొదలైన ఆకాశవాణి జాతీయ సంగీత కార్యక్రమం శనివారం రాత్రే వచ్చేది, మా నాన్నగారు ఆ పూట భోజనం ముందే ముగించేవారు. పొద్దున్న ఆరింటి భక్తిగీతాలు మాత్రం కదపకండి. ఆ పాటతో లేచేవాళ్ళకి అది కార్యక్రమం కాదు, గడియారం.

ఏడున్నర ముక్కే అన్నిటికన్నా కష్టం, అక్కడే ఎక్కువ సేపు ఆగుతాను.

పన్నెండు నిమిషాల్లో రెండు పాటలు పడతాయి. మొదటిది సినిమా పాట, రెండోది అదే రాగంలో కృతి, అంటే శాస్త్రీయ కీర్తన. రెండిటి మధ్య ఒక్క మాట కూడా ఉండకూడదు. మాయాబజార్ లోని ‘లాహిరి లాహిరి’ అయిపోగానే, ఆ చల్లదనం చెవిలో ఉండగానే, మోహనంలో త్యాగరాజస్వామి ‘ననుపాలింప’ ఎత్తుకోవాలి. శంకరాభరణం సినిమాలోని ‘సామజవరగమన’ డ్యూయెట్టు వేసి, వెంటనే అసలు కృతి. రెండూ హిందోళమే. ఆటో నడిపేవాడికి ఇప్పుడు రాగం మారలేదు, మనిషి మారాడు అంతే. చెయ్యి బటన్ మీదికి వెళ్ళేలోపు పల్లవి రెండుసార్లు అయిపోతుంది. మొదట్లో నేను తిరగేసి పెట్టాను, కృతి ముందు, సినిమా పాట తర్వాత, మందు తాగితే బెల్లమ్ముక్క ఇస్తామన్నట్టు. మందు దగ్గరే జనం లేచిపోయారు. ప్రతి పాటకీ జంట కుదరదు కూడా. ‘శివశంకరీ’కి దర్బారీ కానడలో మన కృతి వెతికి విసిగి, చివరికి ఒక హిందూస్థానీ ఖయాల్ ముక్క పెట్టాను. అదీ బాగానే అతికింది, ఆ రాగం అటునుంచి వచ్చిందే కదా.

కృతి ఎంత పొడుగుండాలి? మూడు నుంచి ఆరు నిమిషాలు, అదీ పూర్తిగా. పల్లవి వినిపించి సన్నగా తగ్గించేసే పని చెయ్యకండి. బ్రిటన్‌లో 1992లో క్లాసిక్ ఎఫ్‌ఎం మొదలైనప్పుడు సింఫనీ మొత్తం కాకుండా ఒక్క భాగమే వెయ్యడం అలవాటు చేసింది, కొత్త శ్రోతలు బాగానే వచ్చారు. అది వాళ్ళకి చెల్లింది, సింఫనీలో ఒక భాగం తనంతట తాను నిలబడుతుంది. మన కృతిలో చరణం వినకపోతే మాట సగంలో ఆగినట్టే. పొట్టిగా, పూర్తిగా ఉన్న కృతులు ఎక్కడ దొరుకుతాయంటే, పాత 78 ఆర్‌పీఎం గ్రామఫోను రికార్డుల్లో. ఒక పక్క మూడు మూడున్నర నిమిషాలే పట్టేది కాబట్టి ఆనాటి విద్వాంసులు కృతిని చిక్కబరిచి ఆ కొలతలో కూర్చారు. కొత్త చెవికి అంతకన్నా మంచి కొలత లేదు.

ఇంకో లాభం కూడా ఉంది. మన చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగు మీద హక్కు, అది విడుదలైన మరుసటి ఏడాది మొదలుకుని 60 ఏళ్ళు. ఆ పాత రికార్డుల్లో చాలావాటికి గడువు తీరిపోయింది. త్యాగరాజస్వామి కృతి అందరిదీ అయినా నిన్నగాక మొన్న పాడిన సీడీ అందరిదీ కాదు, ఇది చాలామంది మరిచిపోతారు. సినిమా పాటలకి లైసెన్సు రుసుం కట్టాలి, ఆ లెక్క ముందే చూసుకోండి. డబ్బు చాలకపోతే ఊళ్ళో సంగీతం నేర్పే మాస్టార్లని పిలిచి మీరే రికార్డు చేసుకోండి, ప్రసారానికి ఒప్పుకున్నట్టు కాగితం మీద సంతకం తీసుకోండి. మా దగ్గర ఇప్పుడు పదకొండు కృతులు అలా చేసినవే. వాటిల్లో రెండిట్లో వెనక కాకి అరుస్తుంది, ఉండనిచ్చాం.

మొదటి ఇరవై సెకన్లు జాగ్రత్త. కచేరీ రికార్డింగు తంబురాతో మొదలై, గొంతు సవరింపు, మెల్లగా ఆలాపన. హాల్లో కూర్చున్నవాడికి అది కమ్మగా ఉంటుంది. ఆటోలో ఉన్నవాడికి స్టేషన్ ఆగిపోయినట్టుంటుంది. ఏడున్నరకి పల్లవి ఎత్తుగడతోనే మొదలయ్యే రికార్డింగు ఎంచుకోండి, ఆలాపనని శనివారానికి దాచండి. శబ్దం స్థాయి కూడా సరిచూడండి. సినిమా పాట గట్టిగా, తర్వాత కృతి నీరసంగా వస్తే వినేవాడు కృతినే తప్పుపడతాడు. నేను రెండిటినీ సెల్‌ఫోన్ చిన్న స్పీకర్లో, మిక్సీ తిరుగుతుండగా మా వంటింట్లో విని చూస్తాను. స్టూడియో హెడ్‌ఫోన్లో అన్నీ బాగానే ఉంటాయి.

మాట పాట తర్వాతే. నా పాత అనౌన్స్‌మెంటు ఇలా ఉండేది: “ఇప్పుడు త్యాగరాజస్వామి కృతి, మోహన రాగం, ఇరవై ఎనిమిదవ మేళకర్త హరికాంభోజి జన్యం, ఆదితాళం.” రైల్వే స్టేషన్లో బండి నంబరు చదివినట్టు. ఇప్పటిది: “ఇందాకటి పడవ పాటా, ఈ పాటా ఒకే అయిదు స్వరాల మీద నడిచాయి. ఆ నడకని మోహనం అంటారు. రేపు ఇదే వేళకి మళ్ళీ మోహనమే, ఈసారి వీణ మీద.” అంతే, పదిహేను సెకన్లు. విద్వాంసుడి పేరు తప్పకుండా చెప్పాలి, బిరుదులు అక్కర్లేదు. ‘మహత్తరమైన’, ‘అపూర్వమైన’ లాంటి మాటలు పూర్తిగా మానేయండి. అంత గొప్పదని ముందే చెబితే తనకి అర్థం కాదేమోనని వినేవాడు భయపడతాడు.

మళ్ళీ వెయ్యడానికి సిగ్గుపడకండి. ఇది మావాళ్ళకి ఒక పట్టాన ఎక్కలేదు. శాస్త్రీయం చూసే వాళ్ళం ఒక కృతి వేశాక ఆర్నెల్లు దాన్ని ముట్టుకోం, అదో మర్యాదనుకుంటాం. సినిమా పాట రోజుకి మూడుసార్లు వచ్చే కదా నోటికి వచ్చింది! మేం వారానికి ఒక రాగం పెట్టుకున్నాం. సోమవారం వేసిన కృతే బుధవారం, మళ్ళీ శుక్రవారం. మంగళ, గురువారాల్లో అదే రాగం వాద్యం మీద. శుక్రవారం నాటికి బజ్జీల బండి ఆయన చరణం మధ్యలో అందుకున్నాడు, మాటలు కొన్ని సొంతవే అనుకోండి.

సాయంత్రం వాద్యం గురించి పెద్దగా చెప్పేది లేదు, అది దానంతటదే నడుస్తుంది. చిట్టిబాబు వీణ మీద ‘కొమ్మలో కోయిల’ వెయ్యండి, పాలకొల్లు కుర్రాడు శ్రీనివాస్ మాండలిన్ వెయ్యండి, షేక్ చిన మౌలానా నాదస్వరం వెయ్యండి. కాలేజీ పిల్లలకి తని ఆవర్తనం, అంటే మృదంగం లాంటి తాళవాద్యాలు మాత్రమే మోగే ఘట్టం, నచ్చుతుంది, దాన్ని కత్తిరించకండి. మనమే అది విసుగనుకుని పాతికేళ్ళు కత్తిరించాం.

రాత్రి పది నిమిషాలు చంటిపిల్లల తల్లుల కోసం. నీలాంబరి జోలకి పెట్టింది పేరు. త్యాగరాజస్వామి ‘ఉయ్యాలలూగవయ్య’ ఆ రాగమే. ఇక్కడ అనౌన్స్‌మెంటు అసలే వద్దు. ఒకసారి చివర్లో నేను ఉత్సాహంగా “శుభరాత్రి” అన్నాను, మర్నాడు పొద్దున్నే ఓ అమ్మ ఫోన్ చేసి, “పడుకున్నోడిని లేపేశారు కదండీ” అంది. అప్పటినుంచి పాట అయ్యాక పది సెకన్లు తంబురా, తర్వాత స్టేషన్ పేరు మెల్లగా.

పాత శ్రోతల సంగతి. నేను ఇదివరకు పనిచేసిన ఒకచోట, పేరెందుకు, ముందు చెప్పకుండా ఒక సోమవారం వేళలన్నీ మార్చేశారు. ఎప్పటినుంచో వింటున్నవాళ్ళు రేడియో పాడైందనుకుని మెకానిక్కి ఇచ్చారు. కొత్తవాళ్ళు ఇంకా రాలేదు, పాతవాళ్ళు పోయారు. అందుకని మూడు వారాల ముందునుంచి రోజూ పాత వేళలోనే కొత్త వేళ చెప్పండి. మార్చాక కూడా ఒక నెల పాత వేళలో ఒక్క వాక్యం: “కచేరీ శనివారం తొమ్మిదికి, పూర్తిగా.” ఎక్కువ వినేవాళ్ళకి ఫోన్ చేసి మీరే చెప్పండి. మా దగ్గర రిటైరైన మృదంగం మాస్టారు ఒకరున్నారు. కబురు చెప్పగానే, “ఏడున్నరకి సినిమా పాట పక్కన కీర్తనా? దానికన్నా ఆపేయండమ్మా” అని పెట్టేశారు.

ఆయనకి చోటివ్వడమే శనివారం రెండు గంటల పని. కచేరీలో అన్నిటికన్నా పొడుగైన రాగం తానం పల్లవి కత్తెర లేకుండా ఉంటుంది. ఏడున్నర ముక్క చివర వారానికి రెండుసార్లు శనివారం మాట చెబుతాం, ఆ వారం రాగమే కచేరీలో ప్రధాన రాగం. అయిదు రోజులు మోహనం విన్నవాడు శనివారం మోహనంలో నలభై నిమిషాల ఆలాపనకి మరీ కొత్తవాడుగా రాడు. ఈ లంకె లేకపోతే పొద్దున్న ముక్క ఒట్టి చిరుతిండి అవుతుంది.

పండుగలు చార్టులో ముందే గుర్తు పెట్టుకోండి. పుష్య బహుళ పంచమినాడు తిరువయ్యూరులో త్యాగరాజస్వామి ఆరాధన, పొద్దున్న ఆయన పంచరత్నాలు, అంటే అయిదు పెద్ద కృతులు. ఆ పూట సంగీతం రానివాళ్ళు కూడా రేడియో పెడతారు. కాబట్టి ముందు వారమంతా ఏడున్నరకి రోజుకో పంచరత్నం చొప్పున నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల్లోవి వినిపించాలి. అవి పొడుగు, ఆ వారానికి సినిమా పాట మానేస్తాం. ధనుర్మాసంలో తెల్లవారుజామున తిరుప్పావై. మా ఊళ్ళో పైడితల్లి జాతర, సిరిమాను రోజున మాత్రం ఏమీ పెట్టుకోవద్దు, బయట డప్పుల్లో మనది ఎవరికీ వినపడదు.

మూడు నెలలు కాకుండా ఫలితం లెక్కపెట్టొద్దు. ఫోన్లు వస్తే రెండు గళ్ళు గీయండి: ఇదివరకు తెలిసిన గొంతు, తెలియని గొంతు. పొగడ్తా తిట్టా అన్నది ముఖ్యం కాదు, ఏ గడిలో పడిందన్నదే చూడండి. మా పుస్తకంలో మూడో నెలకి రెండో గడి నిండుతూ వచ్చింది. మొదటి గడిలో ఈమధ్య పడినది మృదంగం మాస్టారి ఫోను. ఏడూ నలభై అయిదుకి చేసి, నిన్నటి కృతి రూపక తాళమైతే ఆదితాళమన్నానని చెడామడా కడిగేశారు. ఏడున్నరది వింటున్నారా మాస్టారూ అని నేను అడగలేదు. గడిలో గీత గీసుకుని, మర్నాడు తాళం సరిచేసి చెప్పాను.