ఆఫీసు నెట్‌వర్క్‌ను ఏ కంప్యూటర్ కుంగదీస్తోందో పట్టుకోవడం ఎలా?

సమస్య: ఉదయం అంతా సవ్యంగానే ఉంటుంది. మధ్యాహ్నానికి జీఎస్టీ పోర్టల్ తెరుచుకోదు, మెయిల్ కదలదు, వీడియో కాల్‌లో మాట తెగిపోతుంది. రిటర్నుల గడువు 20వ తేదీన ఇలా జరిగితే అందరి చూపూ ఫోనులో వీడియో చూస్తున్న కుర్రాడి మీదే పడుతుంది. దయచేసి అతన్ని నిందించకండి, ముందు కొలవండి.

ఏదైనా ఒక కంప్యూటర్లో రెండు కమాండ్ విండోలు తెరవండి. ఒకదానిలో రూటర్ చిరునామాకు (చాలా చోట్ల 192.168.1.1), రెండో దానిలో బయట ఉన్న గూగుల్ సర్వర్ 8.8.8.8కు ఆగకుండా పింగ్ (జవాబు రావడానికి ఎంతసేపు పడుతోందో కొలిచే కమాండ్) నడపండి. కేబుల్ మీద రూటర్ నుంచి జవాబు 1 మిల్లీసెకనులో, ఒక్కోసారి అంతకన్నా తక్కువలో రావాలి.

రూటర్ జవాబు బాగుండి, బయటి జవాబు వందల మిల్లీసెకన్లకు పెరిగితే

లైన్ నిండిపోయి ఉండవచ్చు. నా అనుమానం ఎప్పుడూ ముందు అప్‌లోడ్ మీదే. మనం ఏది దించుకుంటున్నా, డేటా అందుతున్నట్టు మన కంప్యూటర్ అవతలికి ఎప్పటికప్పుడు కబురు పంపుతూ ఉండాలి. ఆ కబుర్లు వెళ్లేది అప్‌లోడ్ దారిలోనే. ఒక కంప్యూటర్ ఆ దారిని పెద్ద ఫైళ్లతో నింపేస్తే కబుర్లు వరుసలో ఇరుక్కుంటాయి, అందరి డౌన్‌లోడూ కుంటుపడుతుంది.

ఏ పరికరం ఎంత డేటా వాడుతోందో రూటర్ పేజీ చూపిస్తే పని సులువు. చూపించకపోతే, పింగ్ నడుస్తున్న కంప్యూటర్ కేబుల్‌నూ రూటర్ కేబుల్‌నూ వదిలి, స్విచ్ (కంప్యూటర్ల కేబుళ్లన్నీ వచ్చి కలిసే పెట్టె) నుంచి మిగతా కేబుళ్లను ఒక్కొక్కటిగా తీసి పది సెకన్లు ఆగండి. టాలీ వంటివి తెరిచి ఉంటే ముందే మూయించండి, పని మధ్యలో కేబుల్ ఊడితే డేటా చెడవచ్చు. ఏ కేబుల్ తీయగానే బయటి పింగ్‌లో 400 ఉన్న అంకె 15కో 20కో పడిపోయిందో, ఆ చివరన ఉన్నదే మనం వెతుకుతున్న కంప్యూటర్. ఆ కేబుళ్లన్నీ తీసినా తగ్గకపోతే వైఫై ఆపి చూడండి.

దొరికిన కంప్యూటర్లో రిసోర్స్ మానిటర్ తెరిచి, నెట్‌వర్క్ ట్యాబ్‌లో ‘సెండ్’ శీర్షిక మీద నొక్కండి. ఎక్కువ పంపుతున్న ప్రోగ్రామ్ పైకి వస్తుంది. అది వన్‌డ్రైవ్ గానీ గూగుల్ డ్రైవ్ గానీ అయితే, వాటి సెట్టింగ్స్‌లోనే అప్‌లోడ్ వేగానికి హద్దు పెట్టండి. బ్యాకప్‌ను రాత్రికి మార్చండి. విండోస్ అప్‌డేట్ అయితే డెలివరీ ఆప్టిమైజేషన్‌లో బయటి కంప్యూటర్లకు పంపే వీలు తీసేయండి. పేరు తెలియని ప్రోగ్రామ్ అదే పనిగా పంపుతుంటే ఆ కంప్యూటర్‌ను నెట్‌వర్క్ నుంచి విడదీసి వైరస్ స్కాన్ చేయించండి. తేలేదాకా తిరిగి తగిలించవద్దు.

చాలామంది ఈ దశలో వైర్‌షార్క్ (నెట్‌వర్క్‌లో డేటా రాకపోకలను చూపించే ప్రోగ్రామ్) పెట్టి కూర్చుంటారు. స్విచ్ ఎవరి డేటాను వారికే పంపుతుంది కాబట్టి, మీ కంప్యూటర్‌లో పెట్టిన వైర్‌షార్క్‌కు పక్కవారి రాకపోకలు దాదాపు కనిపించవు.

రూటర్ జవాబే ఆలస్యమైతే, లేదా అసలు రాకపోతే

స్విచ్ దగ్గరికి వెళ్లి లైట్లు చూడండి. అన్నీ ఒకేసారి, ఊపిరి తీయనట్టు మిణుకుమంటుంటే లూప్ పడి ఉండవచ్చు. సర్దేటప్పుడు ఎవరో ఒకే కేబుల్ రెండు కొసలనూ అదే స్విచ్‌లో గుచ్చి ఉంటారు. మామూలు చవక స్విచ్ దాన్ని అడ్డుకోలేదు. ఆ కేబుల్ తీయగానే నెట్‌వర్క్ కోలుకుంటుంది.

ఒక్కరికే నెమ్మదిగా ఉంటే

అడాప్టర్ స్టేటస్‌లో వేగం 1 జీబీపీఎస్‌కు బదులు 100 ఎంబీపీఎస్ అని ఉందేమో చూడండి. గిగాబిట్‌కు కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ కావాలి, ఒక జత తెగినా వేగం 100కు దిగిపోవచ్చు. కేబుల్ మార్చండి.

కొందరికి నెట్ అసలే రాకపోతే

వారి కంప్యూటర్లో గేట్‌వే చిరునామా (బయటికి దారి చూపే రూటర్ చిరునామా) చూడండి. మిగతావారికి ఉన్నది కాకపోతే, ఎవరో తెచ్చి తగిలించిన మరో రూటర్ చిరునామాలు పంచుతోందన్నమాట. దాన్ని తీసేసి, ఆ కంప్యూటర్లను రీస్టార్ట్ చేయండి.