లిఫ్ట్ కిట్ కొనే ముందు: సస్పెన్షన్ సమస్యలు - పరిష్కారాలు

థార్ అయినా, జిమ్నీ అయినా, పాత జిప్సీ అయినా విజయవాడ ఆటోనగర్‌కి తీసుకెళ్తే ముందు వినపడే సలహా "రెండంగుళాలు లేపేద్దామండీ" అనే. అంటే లిఫ్ట్ కిట్ వేసి బండి ఎత్తు పెంచడం. లేపడం పెద్ద పనేం కాదు. కానీ లోపం స్ప్రింగ్‌దా, షాక్‌దా (షాక్ అబ్జార్బర్) అన్నది తేల్చుకోకుండా లేపితే డబ్బూ పోతుంది, కొత్త తలనొప్పులూ వస్తాయి. బరువు మోసేది, ఎత్తు నిలబెట్టేది స్ప్రింగ్. ఆ స్ప్రింగ్ ఊగకుండా అదుపు చేసేది షాక్. ఈ ఒక్క తేడా తెలిస్తే సగం ఖర్చు తప్పుతుంది.

సామాను ఎక్కించగానే వెనక కుంగిపోతోంది, గుంటలో "దబ్" మంటోంది

ఇది షాక్ తప్పు కాదు. స్ప్రింగ్ ఆ బరువుకు చాలక పూర్తిగా నలిగి, చివర్లో అడ్డుగా ఉండే రబ్బరు దిమ్మకి (బంప్ స్టాప్) తగులుతోంది. ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్ ఒక్కటే ఇరవై కిలోలు. పైన క్యారియర్, టెంటు, ఫ్రిజ్, పనిముట్ల పెట్టె కలిస్తే ఎంతవుతుందో ఎవరూ లెక్కేసుకోరు.

కాబట్టి కొలవండి. ట్యాంకు నింపి, మనుషుల్నీ సామానునీ ఎక్కించుకుని లారీలు తూచే వే బ్రిడ్జికి వెళ్లండి. గుంటూరు మిర్చి యార్డు వైపు వెళ్తే కాటాలకు కొదవ లేదు. ఒకసారి బండి మొత్తం, ఇంకోసారి వెనక చక్రాలు మాత్రమే కాటా మీద ఉంచి తూకం వేయించండి. కంపెనీ చెప్పిన మొత్తం బరువు పరిమితి దాటితే సామాను తగ్గించాల్సిందే. గట్టి స్ప్రింగ్ వేసినంత మాత్రాన బ్రేకులు, యాక్సిల్ బలపడవు.

పరిమితిలోనే ఉంటే, ఏడాది పొడుగునా బండిలో ఉండే బరువుకు స్ప్రింగ్ ఎంచుకోండి, ఒక్క ట్రిప్పు బరువుకు కాదు. మూడు వందల కిలోలకని చేసిన స్ప్రింగ్‌తో ఖాళీ బండిని బెంజ్ సర్కిల్ మీదుగా రోజూ ఆఫీసుకి నడిపితే నడుం పట్టేస్తుంది. ఎప్పుడో ఒకసారే లోడ్ వేసేవాళ్లకు కాయిల్ స్ప్రింగ్ లోపల పెట్టి గాలి నింపే ఎయిర్ బ్యాగ్ నయం. బొలెరో లాంటి కమాన్ల బండికి అదనపు పట్టీ వేయిస్తే చాలు.

గుంట దాటాక కూడా బండి ఊగుతూనే ఉంది

ఇది షాక్ పనే. మొదటి నుంచీ ఊగుతుంటే షాక్ పోయింది. బాగానే వెళ్లి, గతుకుల్లో గంట నడిచాక వదులైపోతే వేడెక్కి నీరసపడుతోంది. లోపలి ఆయిల్ పల్చబడి, గ్యాస్‌తో కలిసి నురగ కడుతుంది. మే నెలలో పల్నాడు ఎండకి ఇది ఇంకా త్వరగా వస్తుంది.

పరీక్ష తేలికే. మట్టిరోడ్డు మీద కాసేపు నడిపి ఆపగానే నాలుగు షాక్‌ల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి, కాలుతుంది జాగ్రత్త. మూడు వేడిగా ఉండి ఒకటి చల్లగా ఉంటే, ఆ చల్లటిదే పని మానేసింది. రాడ్ దగ్గర పల్చగా దుమ్ము అంటుకుంటే భయం లేదు. ఆయిల్ కిందికి కారి తడిగా మెరుస్తుంటే మాత్రం ఆ జతనంతా మార్చండి.

కొత్తవి కొనేటప్పుడు చూస్తే, ఒకే గొట్టం ఉండే మోనోట్యూబ్ షాక్ వేడిని బాగా వదిలిస్తుంది. కానీ దాని పిస్టన్ నేరుగా బయటి గొట్టానికే ఒరుసుకుంటూ ఆడుతుంది కనుక రాయి తగిలి సొట్ట పడితే పని అయిపోయినట్టే. గొట్టంలో గొట్టం ఉండే ట్విన్ ట్యూబ్ ఆ దెబ్బ కాస్త తట్టుకుంటుంది. శ్రీశైలం, మారేడుమిల్లి వైపు కుటుంబంతో నిదానంగా వెళ్లేవాళ్లకు మంచి ట్విన్ ట్యూబ్ చాలునని నా అభిప్రాయం. విడిగా ఆయిల్ డబ్బా (రిజర్వాయర్) ఉన్నవి గతుకుల్లో గంటల తరబడి వేగంగా నడిపేవాళ్లకే. ఏది కొన్నా వేసే స్ప్రింగ్‌కి జతకుదిరినదే కొనండి.

లేపాక హైవే మీద స్టీరింగ్ నిలకడగా ఉండటం లేదు

జిమ్నీ, గూర్ఖాలకు ముందు కూడా గట్టి యాక్సిలే, అంటే రెండు చక్రాలనూ కలిపే ఒకే ఇరుసు. లేపితే అది కాస్త తిరిగి, స్టీరింగ్‌ని తిన్నగా నిలబెట్టే వాలు (క్యాస్టర్ కోణం) తగ్గుతుంది. అందుకే చెన్నై హైవే ఎక్కగానే బండి అటూ ఇటూ పోతుంది. క్యాస్టర్ సరిచేసే బుష్‌లు (కీళ్ల దగ్గర ఉండే రబ్బరు తొడుగులు) వేయించి అలైన్‌మెంట్ చేయించాలి. యాక్సిల్ ఒక పక్కకి జరిగినట్టుంటే యాక్సిల్‌ని పక్కకి జరగకుండా పట్టే పాన్‌హార్డ్ రాడ్, పొడవు సర్దుకునేది, కావాలి.

2020 తర్వాతి థార్‌లో ముందు చక్రాలు విడివిడిగా ఆడతాయి. అక్కడ భయం యాక్సిల్ షాఫ్ట్ జాయింట్ల గురించి. కోణం పెరిగి రబ్బరు బూటు చిరిగితే గ్రీజు పోతుంది, మలుపుల్లో "టకటక" మొదలవుతుంది. ఆ బండిని ఎక్కువ ఎత్తు లేపకండి.

లేపినా నల్లరేగడి చక్రాల గాడుల్లో కింద తగులుతూనే ఉంది

లిఫ్ట్ బాడీని లేపుతుంది, గట్టి యాక్సిల్ మధ్య ఉన్న గేర్ల గుండుని (డిఫరెన్షియల్) లేపదు. అది లేవాలంటే టైరు పెద్దది కావాలి. టైరు వ్యాసం రెండంగుళాలు పెరిగితే డిఫరెన్షియల్ ఒక అంగుళం లేస్తుంది.

ఇంత మార్పు చేసేముందు ఆర్టీఓ ఆఫీసులోనూ, ఇన్సూరెన్స్ వాళ్లనీ అడగండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండి మార్పుల గురించే.

బిగింపు దగ్గర మీరే నిలబడండి. చక్రాలు వేలాడుతుండగా బ్రేకు గొట్టాలు లాక్కుపోతున్నాయేమో చూడండి. రబ్బరు బుష్‌ల బోల్టులు బండి జాకీ మీద ఉండగా బిగిస్తే బుష్ మెలితిరిగి త్వరగా చిరుగుతుంది. చక్రాలు నేల మీద ఆనాకే చివరి బిగింపు వేయించండి, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి చూపించండి.