పాత ఆర్‌ఎక్స్ 100: ముందు గాలి లీకు పట్టండి, తర్వాత రంగు వేయండి

యమహా ఆర్‌ఎక్స్ 100 బైకు తయారీ 1996లో ఆగిపోయింది. కాబట్టి ఇప్పుడు నెల్లూరులోనో ఒంగోలులోనో మీ చేతికొచ్చే బండి ఎంత లేటు మోడలైనా ముప్పై ఏళ్ల దగ్గరిది. ట్యాంకు తళతళలాడుతుంటుంది, సీటు కొత్తగా కుట్టించి ఉంటుంది, లోపల క్రాంకు సీళ్లు (ఇంజిన్‌లో తిరిగే ఇరుసుకి రెండు పక్కలా ఉండే రబ్బరు రింగులు) మాత్రం ఎండి గట్టిపడిపోయి ఉంటాయి. చాలామంది బండి కొన్న వారంలోనే పెయింటింగు షాపుకి తోలుకెళ్తారు. తర్వాత మొదటి లాంగ్ రైడ్‌లో పిస్టన్ పట్టేస్తుంది. అందుకే ఈ పనిలో వరస ముఖ్యం.

టూ స్ట్రోక్ ఇంజిన్‌లో పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం ముందు పిస్టన్ కింద ఉండే క్రాంకు గదిలోకి వెళ్లి, అక్కణ్ణించి పైకి ఎక్కుతుంది. ఆ గదికి ఎక్కడ చిల్లు పడ్డా కార్బొరేటర్‌కి తెలియకుండా గాలి దూరుతుంది. మిశ్రమం పలచబడి మంట వేడెక్కుతుంది, పిస్టన్ ఉబ్బి బోరుని, అంటే తను కదిలే సిలిండర్ లోపలి గోడని, కరుచుకుంటుంది. ఎడమవైపు మాగ్నెట్ పక్క సీలు పోతే బండి స్లోలో ఉన్నప్పుడు ఇంజిన్ తనంతట తానే రేజ్ అవుతుంది, యాక్సిలరేటర్ వదిలినా వెంటనే దిగదు. కుడివైపు క్లచ్ పక్క సీలు పోతే గేరాయిల్‌ని లోపలికి లాక్కుంటుంది. బండి వేడెక్కాక కూడా తెల్లపొగ తగ్గదు. గేరాయిల్ మార్చేటప్పుడు పోసింది ఎంతో కొలిచి రాసుకోండి, 500 కిలోమీటర్ల తర్వాత తీసి మళ్లీ కొలవండి. బయట ఎక్కడా కారకుండానే తగ్గిందంటే అది ఇంజిన్ తాగేసినట్టే.

ఊహ అక్కర్లేకుండా తేల్చుకునే పరీక్ష ఒకటుంది. దానికి డాక్టర్లు వాడే గుండ్రటి డయల్ బీపీ మిషన్ చాలు. చేతికి చుట్టే పట్టీ తీసేసి, దాని రెండు గొట్టాల్నీ చేపల తొట్టెల షాపులో దొరికే ప్లాస్టిక్ టీ జాయింటుతో ('T' ఆకారంలో మూడు నోళ్లుండేది) కలపండి. కార్బొరేటర్, సైలెన్సర్ విప్పి, ఇంజిన్‌కి సైలెన్సర్ తగిలే కంతకి రబ్బరు బిరడా గట్టిగా బిగించండి. కార్బొరేటర్ కూర్చునే మ్యానిఫోల్డ్‌కి ఇంకో బిరడా పెట్టి, దాని మధ్యలోంచి టీ జాయింటు మూడో నోటికి తగిలించిన గొట్టం లోపలికి పోనివ్వండి. టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజిన్‌లో పెట్రోలుతో పాటు కాలే ఆయిల్) లోపలికి వెళ్లే దారి కూడా మూసెయ్యాలి. ప్లగ్గు బిగించే ఉంచి, పిస్టన్‌ని పూర్తిగా కిందికి దించండి. ఇప్పుడు బల్బు నొక్కుతూ డయల్‌ని 300 దగ్గరికి తీసుకురండి. అది దాదాపు 5.8 పీఎస్‌ఐ. అంతకు మించి కొట్టొద్దు, మంచి సీళ్లు కూడా కదిలిపోతాయి.

ముల్లు నిమిషంలో 50 కంటే ఎక్కువ దిగకపోతే ఇంజిన్ బాగున్నట్టే. గబగబా పడుతుంటే సబ్బునీళ్లు బ్రష్‌తో హెడ్డు అంచున, బ్లాకు అడుగున, మ్యానిఫోల్డ్ చుట్టూ రాయండి. బుడగ లేచిన చోటే లీకు. కుడి సీలు కనపడదు కదా, దానికి గేరాయిల్ పోసే మూత తీసి ఆ కంత మీద సబ్బు పొర నిలబెట్టండి. పొర మెల్లగా గుమ్మటంలా ఉబ్బిందంటే క్రాంకులోని గాలి గేర్‌బాక్సులోకి వస్తోంది. ఎడమ సీలు చూడాలంటే పుల్లర్‌తో మాగ్నెట్ తియ్యాలి, సుత్తితో కొట్టి తీయనివ్వకండి. ఒక సీలు పోయినా రెండూ మార్పించండి, రెండోదానికీ అంతే వయసు.

బోరు పాడై కొత్తగా చెక్కించాల్సి వచ్చిందంటే పిస్టన్ ముందు కొని, దాన్నే లేత్ షాపులో ఇచ్చి దాని కొలతకి బోరు చేయించాలి. అసలు బోరు 50 మి.మీ., ఓవర్‌సైజు పిస్టన్లు 0.25 మి.మీ. చొప్పున పెరుగుతాయి. పిస్టన్‌కీ బోరుకీ మధ్య సందు తయారీదారు చెప్పినంతే ఉండాలి. "టైట్‌గా ఉంటే ఎక్కువ రోజులొస్తుంది" అన్న మాట టూ స్ట్రోక్‌కి పనికిరాదు, టైట్‌గా ఉన్నదే ముందు పట్టేస్తుంది. బోరు చేశాక పోర్టుల (సిలిండర్ గోడలో మిశ్రమం, పొగ వెళ్లే కంతల) అంచులు కత్తిలా పదునుగా మిగులుతాయి. వాటిని నున్నగా చాంఫర్ చెయ్యమని, అంటే పదును పోయేలా అంచు వాలుగా గీకమని, అడిగి చేయించుకోండి. చాలా షాపుల్లో వదిలేసేది ఇదే, రింగు విరిగేదీ ఇక్కడే. బిగించేటప్పుడు పిస్టన్ మీది బాణం గుర్తు సైలెన్సర్ వైపు ఉండాలి, రింగు కొసలు గాడిలోని చిన్న పిన్ను దగ్గర కలవాలి. ఆయిల్ పంపు గొట్టం విప్పి ఉంటే బ్లీడ్ స్క్రూ వదులు చేసి బుడగలన్నీ పోయేదాకా ఆయిల్ కారనివ్వండి. గొట్టంలో బుడగ ఉండి పంపు ఆయిల్ ఇవ్వకపోతే కొత్త పిస్టన్ మొదటి రోజే పోతుంది. పంపు పనిచేస్తున్నా సరే, మొదటి ట్యాంకుకి లీటరుకి 10 మి.లీ. టూటీ పెట్రోల్లో కలపండి. మొదటి 500 కిలోమీటర్లు సగం యాక్సిలరేటర్ దాటొద్దు, ఒకే స్పీడులో గంటలకొద్దీ తోలొద్దు.

ఇక ట్యాంకు. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో లోపలివైపు తుప్పు తప్పదు, ఇప్పుడొస్తున్న ఇథనాల్ పెట్రోలు తేమని పీల్చుకుని దాన్ని ఇంకా పెంచుతుంది. పెట్రోల్ కాక్ తీసేసి కంతకి రబ్బరు బిగించండి. ఒక పాత సైకిల్ చైను ట్యాంకులో వేసి, కొస బయట పట్టుకుని ఐదు నిమిషాలు ఆడించండి. విడి నట్లు వేస్తే ఒకటి లోపలే ఉండిపోతుంది. తుప్పు పెళ్లలు దులిపేశాక లీటరు వేడినీళ్లకి 100 గ్రాముల నిమ్మ ఉప్పు చొప్పున కలిపి ట్యాంకు నిండా పోసి ఒక రాత్రంతా ఉంచండి. పది లీటర్ల పైచిలుకు ట్యాంకుకి కిలోకి కొంచెం ఎక్కువ పడుతుంది. పొద్దున ఒంపితే టీ డికాషన్ రంగులో వస్తుంది. వెంటనే తినే సోడా కలిపిన నీళ్లతో కడిగి, ఎండలో కాకుండా హెయిర్ డ్రయ్యర్ గాలితో ఆరబెట్టండి. గంట ఆలస్యమైతే తడి ఇనుము మళ్లీ నారింజ రంగుకి తిరుగుతుంది. ఆరగానే కొంచెం టూటీ కలిపిన పెట్రోలు పోసి లోపలంతా తగిలేలా తిప్పాలి. పెట్రోలు పైపు, ఫ్లోట్ నీడిల్, ఓ రింగులు ఇథనాల్‌కి తట్టుకునేవి వేయించండి. బండి నెల రోజులు తియ్యకపోతే కాక్ కట్టేసి, కార్బొరేటర్ ఖాళీ అయి ఇంజిన్ ఆగేదాకా నడపండి.

ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీసేసి కార్బొరేటర్‌కి నేరుగా జాలీ బిగించడం, సైలెన్సర్‌లోంచి గొట్టం లాగేయడం ఇక్కడి కుర్రాళ్లకి ఇష్టమైన పనులు. చప్పుడు పెరుగుతుంది, కింది గేర్లలో లాగుడు తగ్గుతుంది, చలాన్ వస్తుంది, మిశ్రమం పలచబడుతుంది. చీమకుర్తి వైపు గ్రానైట్ లారీల వెనక ఒక్క గంట తోలితే ఆ జాలీలోంచి ఎంత పొడి లోపలికి పోతుందో ఆలోచించండి. స్పాంజి ఫిల్టర్‌ని కిరసనాయిల్లో పిసికి, ఆరాక టూటీలో ముంచి గట్టిగా పిండి పెట్టండి. సైలెన్సర్ గొట్టం బయటికి తీసి మసి గీకి మళ్లీ పెడితే పోయిన పికప్ తిరిగొస్తుంది. ప్లగ్గు మొన బెల్లం రంగులో ఉంటే కార్బొరేటర్ కుదిరినట్టు. తెల్లగా ఉంటే మిశ్రమం పలచన, తడిగా నల్లగా ఉంటే చిక్కన.

ఇప్పుడు రంగు. ఛాసిస్‌కి పౌడర్ కోటింగు మంచిదే. అయితే ఇచ్చేముందు ఛాసిస్ నంబరు మీద వేడికి ఆగే టేపు మీరే అతికించండి, స్టీరింగ్ బేరింగు గిన్నెలు కూడా మూయించండి. నంబరు రంగు కింద పూడుకుపోతే రిజిస్ట్రేషన్ రెన్యువల్ తనిఖీలో బండి ఆగిపోతుంది. పదిహేనేళ్లు దాటిన సొంత బండికి ఫారం 25తో ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి, గడువుకి 60 రోజుల ముందు నుంచీ పెట్టుకోవచ్చు. ట్యాంకు రంగు మారిస్తే ఆర్‌సీలో ఎక్కించుకోండి. వెనక ఛాసిస్ కోసి కేఫ్ రేసర్ (పాతకాలపు రేసు బండి రూపం) చెయ్యడానికి చట్టం ఒప్పుకోదు. హ్యాండిల్, సీటు, అద్దాలు, పెయింటు, క్రోమ్ పని చాలు, ఈ బండి అందమంతా దాని సన్నటి ఒంట్లోనే ఉంది. విప్పిన పాత పార్టు ఏదీ అమ్మొద్దు.

వెనక టైరు 2.75-18 బదులు 3.00 వేస్తే చైనుకీ స్వింగ్ ఆర్మ్‌కీ తగలకుండా వేలు పట్టేంత సందుందో చూడండి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, 2219 అంటే 2019లో 22వ వారం. పాత స్టాకు తక్కువకి వస్తుంది గానీ వానలో జారుతుంది. బ్రేకులు డ్రమ్ములే కాబట్టి లైనింగు అద్దంలా నిగనిగలాడుతుంటే 80 నంబరు ఎమరీ కాగితంతో రుద్దండి, బ్రేకు లైనింగుని తెరిచే క్యామ్‌కి గ్రీజు గోరంటినంతే పెట్టండి.

మైపాడు, కొత్తపట్నం బీచ్‌లకి వెళ్తే బండిని తడి ఇసుకలోకి దించొద్దు. అదే సాయంత్రం మంచినీళ్లతో స్పోకుల మొదళ్లు, ఛాసిస్ అడుగు, చైను కడిగి, ఆరాక చైనుకి ఆయిల్ పెట్టాలి. ఉప్పు వైరింగులోనూ దాక్కుంటుంది. లైట్లు మిణుకుమంటే ముందు ఎర్త్ చూడండి: బ్యాటరీ నెగటివ్ నుంచి ఇంజిన్‌కి ఒకటి, హెడ్‌లైట్ డూమ్‌కి ఒకటి విడి వైర్లు వేస్తే సగం గొడవలు పోతాయి.

రైడ్‌కి హైవే కంటే ఆత్మకూరు మీదుగా ఉదయగిరి వైపు రోడ్డు ఈ బండికి నప్పుతుంది. ఎండాకాలం తెల్లారకముందే బయల్దేరి, 40 కిలోమీటర్లకోసారి పది నిమిషాలు ఆపండి. గిద్దలూరు దాటి నల్లమల ఘాట్‌లో దిగేటప్పుడు గేర్‌లో పెట్టి యాక్సిలరేటర్ పూర్తిగా మూసేసి దిగితే ఇంజిన్ వేగంగా తిరుగుతూనే ఉంటుంది, ఆయిల్ మాత్రం చాలినంత అందదు. ప్రతి మలుపులో ఒకసారి క్లచ్ పట్టి కొంచెం రేజ్ చేయండి. సీటు కింద ఒక ప్లగ్గు, ప్లగ్గు స్పానర్, క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్, చైను కొసలు కలిపే లాకు, ఫ్యూజులు, పావు లీటరు టూటీ ఉంచుకోండి. టూటీ అన్ని బంకుల్లోనూ దొరకదు.