ఫారిన్ యాపిల్ పెట్టె కొనేముందు

మా తమ్ముడు బెజవాడ పటమటలో పండ్ల కొట్టు పెడుతున్నాడు. నేను సత్యనారాయణపురంలో పదిహేనేళ్లుగా కొట్టు నడుపుతున్నాను. వాడికి చెప్పినవే కొత్తగా దిగేవాళ్లందరికీ చెబుతున్నాను.

కేదారేశ్వరపేట పండ్ల మార్కెట్‌కి తెల్లారకుండానే వెళ్లండి. ధర అడిగేముందు పెట్టె పక్కన అతికించిన లేబుల్ చదవండి. ఏ దేశం, ఏ రకం, ఎంత కౌంట్ అన్నీ దానిమీదే ఉంటాయి. కౌంట్ అంటే పెట్టెలో ఎన్ని కాయలున్నాయో ఆ లెక్క; లెక్క పెరిగేకొద్దీ కాయ చిన్నది. 100 కౌంట్‌వి కిలోకి ఐదు తూగితే, 138 కౌంట్‌వి ఏడు తూగుతాయి. పిల్లలున్న ఇళ్లవాళ్లు ఏడొచ్చేదే అడుగుతారు.

దేశం పేరు చూడగానే ఇప్పుడు ఏ నెలో గుర్తు తెచ్చుకోండి. అమెరికాలో వాషింగ్టన్ యాపిల్ కోసేది ఆగస్టు నుంచి అక్టోబరు దాకా. న్యూజిలాండ్, చిలీ భూమధ్యరేఖకి అవతల ఉన్నాయి, అక్కడ ఫిబ్రవరి నుంచి మే దాకా కోత. కాబట్టి జూన్‌లో వాషింగ్టన్ పెట్టె కనబడితే, ఆ కాయ చెట్టు దిగి ఎనిమిది నెలలైనా అయ్యుంటుంది. అన్నాళ్లు కుళ్లకపోవడానికి కారణం గోదాము. గాలిలో 21 శాతం ఉండే ఆక్సిజన్‌ని అక్కడ 1–2 శాతానికి తగ్గించి, సున్నా డిగ్రీల దగ్గర నిలవ ఉంచుతారు. బయటికొచ్చాక మాత్రం దాని ఆయుష్షు గబగబా తరిగిపోతుంది. అలాంటి సరుకు నాలుగు రోజుల్లో అమ్మగలిగినంతే తీసుకోండి.

ఒక కాయ కోయించండి, మొహమాటపడకండి. గింజల చుట్టూ గోధుమరంగు తిరిగినా, ముక్క నోట్లో పిండిపిండిగా ఉన్నా ఆ లాట్ వదిలేయండి. మెరుపు చూసి నమ్మొద్దు, అది మైనం పూత.

కొట్టుకి తెచ్చాక అసలు పని మొదలవుతుంది. బెజవాడ మే ఎండలో చల్లటి పెట్టె మూత తీస్తే కాయకి చెమట పడుతుంది, ఆ తడికే బూజు పడుతుంది. ఆటోలో పట్టా కప్పి తెచ్చి, మూత తీయకుండా కొన్ని గంటలు నీడలో ఉంచాకే తెరవండి.

కివీ సంగతి వేరు. మొదటి ఏడాది తెలియక ఒక ట్రే అరటి గెలల పక్కన పెట్టాను. పండే అరటి నుంచి ఇథిలీన్ వాయువు వస్తుంది, అది తగిలితే కివీ ఇట్టే మెత్తబడిపోతుంది. మూడో రోజు పొద్దున కాయ పట్టుకుంటే బొటనవేలు తొక్కలోంచి లోపలికి దిగింది. అన్నీ ఏరితే పనికొచ్చినవి పదకొండు. యాపిల్ కూడా ఆ వాయువే వదులుతుంది. అందుకని కివీని రెండింటికీ దూరంగా, కొట్టుకి అటు చివర పెట్టండి.