ఎర్ర రక్తకణాలను ఎన్‌ఎంఆర్‌లో పెట్టే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

ఎన్‌ఎంఆర్ అంటే బలమైన అయస్కాంతంలో పరమాణు కేంద్రకాలు ఇచ్చే సంకేతాలను చదివే పద్ధతి. దానికోసం రక్తాన్ని హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఆపే పదార్థం) ట్యూబులోనే తీయించాలి; అదే పనికి వాడే ఈడీటీఏ మెగ్నీషియాన్ని బంధించడమే కాక ప్రోటాన్ స్పెక్ట్రంలో (హైడ్రోజన్ కేంద్రకాల సంకేతాల పటంలో) తన సంకేతాలనూ కలిపేస్తుంది. గ్లవ్స్ లేకుండా నమూనాను ముట్టుకోకూడదు.

అన్నిటికన్నా ఎక్కువ ఓపిక కడగడంలో చూపాలి. చల్లని 0.9 శాతం సెలైన్‌తో మూడుసార్లు కడుగుతూ, ప్రతిసారీ పైన పేరుకునే తెల్లకణాల పలుచని పొరను పిపెట్‌తో తీసేయాలి. చివరిసారి కడిగాక పైన మిగిలే తేటను వెలుతురులో పట్టి చూసినప్పుడు గులాబీ రంగు కనిపిస్తే కణాలు పగిలాయని అర్థం, ఆ నమూనాను వాడకూడదు. 1973లో మూన్, రిచర్డ్స్ అనే శాస్త్రవేత్తలు భాస్వరం-31 కేంద్రకాల సంకేతాలతో కణాల లోపలి పీహెచ్‌ను (ఆమ్ల, క్షార స్థాయిని) లెక్కగట్టి చూపారు. అదే పని చేయదలచినవారు ఫాస్ఫేట్ బఫర్ (పీహెచ్ మారకుండా ఉంచే ద్రావణం) జోలికి వెళ్లకూడదు, ఎందుకంటే ఫాస్ఫేట్‌లోనూ భాస్వరం ఉంటుంది, బయటి ఫాస్ఫేట్ శిఖరం లోపలి చిన్న శిఖరాన్ని మింగేస్తుంది.

ఆక్సిజన్ కోల్పోయిన హిమోగ్లోబిన్ పారామాగ్నెటిక్ (అయస్కాంతం వైపు ఆకర్షితమయ్యేది) కాబట్టి స్పెక్ట్రంలోని రేఖలు వెడల్పెక్కుతాయి. అందుచేత నమూనాకు ముందే ఆక్సిజన్ బాగా అందించాలి. కణాలు బతికున్నవని, గ్లూకోజ్ లేకపోతే వాటి ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) తరిగిపోతుందని మరవరాదు.

అయస్కాంతంలో ట్యూబును గిరగిరా తిప్పకూడదు, తిప్పితే కణాలు గోడవైపు చేరతాయి. ఎక్కువసేపు నడిచే ప్రయోగంలో అవి అడుగుకు దిగుతాయి కనుక మధ్యమధ్యలో తీసి, మెల్లగా తలకిందులు చేసి కలపాలి. పేస్‌మేకర్ ఉన్నవారు అయస్కాంతం దగ్గరికి రాకూడదు.