పాత సహాధ్యాయులను కలవబోయే ముందు

పదో తరగతి నేస్తాలను ముప్పై, నలభై ఏళ్ల తర్వాత కలుసుకోవడానికి శ్రీకాకుళం వెళ్లేవారు, నాటి గ్రూపు ఫొటోను ముందుగా ఫోనులోకి ఎక్కించుకుని, ఏ వరుసలో ఎవరున్నారో ఊళ్లోనే ఉంటున్న ఒకరిద్దరిని అడిగి సరిచూసుకోవడం మంచిది. బట్టతలలూ కళ్లజోళ్లూ వచ్చాక ముఖం చూసి పేరు చెప్పడం కష్టం, పైగా “నేనెవరో చెప్పుకో చూద్దాం” అని నిలదీసేవాడు ప్రతి బ్యాచ్‌లోనూ ఒకడుంటాడు. అందువల్ల పలకరించేటప్పుడే మీ పేరును, బడి హాజరుపట్టీలో ఉన్న ఇంటిపేరుతో సహా, మీరే ముందుగా చెప్పండి. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన ఆడవారు బ్యాడ్జీ మీద కూడా పుట్టింటి పేరే రాయించుకుంటే, ఎదుటివారికి జ్ఞాపకం తెచ్చుకునే శ్రమ తప్పుతుంది.

సంక్రాంతికి అందరూ ఊరికి వస్తారన్న ఆలోచనతో ఇటువంటి కలయికలను ఆ రోజుల్లోనే పెడుతుంటారు కనుక, రైలు టికెట్ల రిజర్వేషన్ మొదలయ్యే రోజునే, అంటే ప్రయాణానికి 60 రోజుల ముందే, టికెట్ తీసుకోవాలి. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది పట్టణంలో కాదు, ఆమదాలవలసలో. అక్కడి నుంచి బస్సుకో ఆటోకో పట్టే సమయాన్నీ లెక్కలో ఉంచుకోవాలి.

జీతం, పిల్లల పెళ్లి, ఆస్తి వంటి విషయాలను అవతలివారు ఎత్తితే తప్ప అడగకపోవడమే మర్యాద. గురువులకు చేసే సన్మానాన్ని మాత్రం భోజనాలకు ముందే ముగించమని నిర్వాహకులకు గట్టిగా చెప్పండి, ఎందుకంటే ఆ వయసులో వారు సాయంత్రం దాకా కుర్చీలో కూర్చోలేరు.