ఉద్దానం ఇసుక నేలలో సెప్టిక్ ట్యాంకు: మరుగుదొడ్డి సాయానికి దరఖాస్తు విధానం

శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు ఇళ్ల స్థలాల్లో ఇబ్బంది ఒకటే. పైన ఇసుక, కాస్త తవ్వితే ఊట, పెరట్లోనే నుయ్యి. మరుగుదొడ్డికి స్వచ్ఛ భారత్ మిషన్ సాయం కోసం దరఖాస్తు పెట్టడం అరగంట పని. ట్యాంకు ఎక్కడ కట్టాలో తేల్చుకోవడమే అసలు పని, అది ముందు చూసుకోండి.

వానలు తగ్గగానే నూతిలో నీరు నేలకి ఎంత లోతులో ఉందో చేదతాడుతో కొలవండి. ఎండాకాలం కొలత నమ్మొద్దు. ట్యాంకు నుంచి వచ్చే నీరు ఇంకే గుంత తాగునీటి నూతికి 18 మీటర్లు, ఇంటికి 6 మీటర్ల దూరంలో ఉండాలని సెప్టిక్ ట్యాంకులకు ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 2470 చెబుతుంది. గోడ అవతల పక్కింటివాళ్ల నుయ్యి కూడా ఈ లెక్కలోకి వస్తుంది. నీరు 1.8 మీటర్ల లోపే తగిలితే గుంత తవ్వకూడదు. నేల మీద మట్టి దిబ్బ పోసి, అందులో ఇంకుడు కాలువలు వేయాలి. అప్పుడు ట్యాంకునీ, మరుగుదొడ్డి గచ్చునీ కూడా పైకి లేపాల్సి వస్తుంది. రెండు మెట్లు పెరుగుతాయి కాబట్టి ఇంట్లో ముసలివాళ్లుంటే చేతికి కమ్మీ పెట్టించండి.

అయిదుగురున్న ఇంటికి ట్యాంకు లోపలి కొలత 1.5 మీటర్ల పొడవు, 0.75 మీటర్ల వెడల్పు, నీటి లోతు 1 మీటరు సరిపోతుంది. నాలుగు వరలు దింపి, అడుగున గచ్చు లేకుండా వదిలేస్తే అది సెప్టిక్ ట్యాంకు కాదు, మేస్త్రి ఎంత గట్టిగా చెప్పినా సరే. ఊట నేలలో ఖాళీ ట్యాంకు పైకి తేలుతుంది. అందుకే ప్లాస్టరింగ్ గట్టిపడగానే నీళ్లు నింపి ఉంచాలి.

ఇక దరఖాస్తు. స్వచ్ఛ భారత్ మిషన్ గ్రామీణ్ కింద ఇచ్చే ప్రోత్సాహకం రూ.12,000. ట్యాంకు ఖర్చంతా దీంతో రాదు. ఇంతవరకు మరుగుదొడ్డి లేని కుటుంబానికి, అదీ ఒక్కసారే ఇస్తారు. బీపీఎల్ కుటుంబాలతో పాటు ఎస్సీ, ఎస్టీలు, సన్న, చిన్నకారు రైతులు, ఇంటిస్థలం ఉన్న భూమిలేని కూలీలు, దివ్యాంగులు, మహిళే ఇంటిపెద్దగా ఉన్న కుటుంబాలు అర్హులు. మంజూరు నడుస్తోందో లేదో గ్రామ సచివాలయంలో ముందే అడగండి. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, మొబైల్ దగ్గర పెట్టుకోండి. మిషన్ వెబ్‌సైట్లో సిటిజన్ కార్నర్‌లోకి వెళ్లి, మొబైల్‌కి వచ్చే ఓటీపీతో నమోదై ఫారం నింపవచ్చు. పంచాయతీలో కాగితం మీద ఇచ్చినా సరే. దరఖాస్తు నంబరు మాత్రం రాసుకోండి.

కట్టడం పూర్తయ్యాక వచ్చి ఫొటో తీస్తారు, సొమ్ము మీ ఖాతాలో పడుతుంది. ఆ ఫొటోలో గది కనపడుతుంది గానీ భూమిలో ఏముందో కనపడదు. అందుకే గొయ్యి తెరిచి ఉండగానే సచివాలయం ఇంజనీరింగ్ అసిస్టెంట్‌ని పిలిచి చూపించండి. సొమ్ము రాకపోతే ముందు ఎంపీడీఓ ఆఫీసులో అడగండి. అక్కడా తేలకపోతే, దరఖాస్తు నంబరు వేసి సోమవారం జరిగే ప్రజా ఫిర్యాదుల పరిష్కార వేదిక (పీజీఆర్ఎస్)లో అర్జీ ఇవ్వండి.